కీళ్ల మార్పిడి యూనిట్ రివ్యూ: ఇన్ఫెక్షన్ రాకుండా ఏం చేశారు, ఎక్కడ తగ్గారు

అమ్మకి మోకాలి మార్పిడి చేయించిన హాస్పిటల్ గురించి రాస్తున్నా. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి, పైగా ఏ హాస్పిటల్ కి వెళ్లినా ఏం గమనించాలి అన్నది తెలిస్తే చదివేవాళ్లకి ఎక్కువ ఉపయోగం. రూమ్ ఎలా ఉంది, ఫిజియోథెరపీ ఎలా చేయించారు, పార్కింగ్ ఉందా లేదా ఇవన్నీ రాయను. నేను చూసింది ఒక్కటే, లోపల పెట్టిన కీలుకి ఇన్ఫెక్షన్ రాకుండా వీళ్లు యాంటీబయాటిక్ ని ఎప్పుడు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఆపారు. నేను ఫార్మసిస్ట్ ని కాబట్టి నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. సర్జన్ చేయి ఎంత బాగున్నా ఈ ఒక్కటి సరిగ్గా జరగకపోతే ఆపరేషన్ అంతా వృథా అయ్యే ప్రమాదం ఉంది.

ఎందుకంటే మామూలు ఆపరేషన్ లో కోత దగ్గర కొంచెం చీము పట్టినా కుట్టు విప్పి శుభ్రం చేసి మందులిస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. కీలు మార్పిడిలో అలా కాదు, లోపల పెట్టేది లోహం, ప్లాస్టిక్, వాటికి రక్తనాళాలు ఉండవు, కాబట్టి మన తెల్లకణాలు గానీ మందు గానీ కండలోకి చేరినట్టు అక్కడికి చేరవు. చర్మం మీద ఎప్పుడూ ఉండే, మామూలుగా ఎవరికీ ఏ హానీ చేయని స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి బ్యాక్టీరియా కూడా ఆ లోహానికి అతుక్కుని పళ్ల మీద పాచి లాగా జిగురు పొర కట్టేస్తుంది, దాన్ని బయోఫిల్మ్ అంటారు. ఒకసారి ఆ పొర గట్టిపడ్డాక రక్తంలోకి ఎంత మందు ఎక్కించినా లోపలున్న బ్యాక్టీరియా అంత తేలిగ్గా చావదు. అప్పుడు మళ్లీ కోసి కడగడం, లేదా పెట్టిన కీలు మొత్తం తీసేసి మందు కలిపిన ఎముక సిమెంట్ తో తాత్కాలికంగా ఒక ముక్క పెట్టి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చి, తర్వాత ఇంకో ఆపరేషన్ లో కొత్త కీలు వేయడం, ఇదీ దారి. మొదటిసారి చేసే మోకాలు, తుంటి మార్పిడుల్లో ఇన్ఫెక్షన్ వచ్చేది సుమారు నూటికి ఒకరిద్దరికే, కానీ వచ్చినవాళ్లు పడే బాధ చూస్తే ఆ ఒకరిద్దరిలో మనవాళ్లు ఉండకూడదని ఎంత జాగ్రత్తైనా పడొచ్చు అనిపిస్తుంది.

ఇక రివ్యూలోకి వస్తా. వీళ్లకి ఆపరేషన్ కి ముందే ఒక క్లినిక్ ఉంది, అక్కడ సిస్టర్ ఒకావిడ కూర్చుని అన్నీ అడుగుతుంది. నాకు ఈ హాస్పిటల్ లో అన్నిటికంటే నచ్చింది ఈవిడే అని చెప్పాలి. అమ్మ పాత ఫైల్ మీద పెద్ద అక్షరాలతో పెన్సిలిన్ పడదు అని రాసి ఉంది, ఏళ్ల తరబడి ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ఆ లైన్ చూసి వేరే మందు రాసేయడమే. ఈవిడ మాత్రం పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, అసలు అప్పుడేమైందో చెప్పండి" అని మొదలుపెట్టింది. ఏ వయసులో, ఏ మందుకి, వేసుకున్న ఎంతసేపటికి, ఒట్టి దద్దుర్లేనా, ముఖం వాచిందా, ఊపిరి ఆడలేదా, హాస్పిటల్లో చేర్చాల్సి వచ్చిందా, ఆ తర్వాత అలాంటి మందు ఎప్పుడైనా తెలియకుండా వాడారా అని ఒక్కొక్కటీ అడిగింది. చిన్నప్పుడు జ్వరానికి మందు వాడుతుంటే కొన్ని రోజులకి ఒంటి మీద దద్దుర్లు వచ్చాయని అమ్మమ్మ చెప్పేదంట, అంతకుమించి అమ్మకేమీ గుర్తు లేదు.

ఇదంతా ఎందుకు ముఖ్యమంటే, కీళ్ల మార్పిడిలో ముందుగా ఎంచుకునే మందు సెఫజోలిన్. ఇది పెన్సిలిన్ కి దూరపు చుట్టం లాంటి సెఫలోస్పోరిన్ గ్రూపు మందు, స్టాఫ్ (అంటే స్టాఫిలోకాకస్ రకం) బ్యాక్టీరియా మీద బాగా పనిచేస్తుంది, ఎముక దాకా చేరుతుంది. పెన్సిలిన్ పడదు అని ఫైల్లో రాసి ఉంటే చాలా చోట్ల భయపడి దీన్ని పక్కన పెట్టి వాంకోమైసిన్ గానీ క్లిండామైసిన్ గానీ ఇస్తారు, అలా మార్చినవాళ్లలో ఇన్ఫెక్షన్లు ఎక్కువ వస్తున్నాయని చాలా పరిశీలనల్లో కనిపించింది. కానీ పెన్సిలిన్ పడదు అని చెప్పుకునే వాళ్లు జనంలో సుమారు 10 శాతం ఉంటే, వాళ్లని సరిగ్గా పరీక్ష చేస్తే 90 శాతం పైగా మందిలో ఏ అలర్జీ ఉండదు. ఇంకో సంగతి, ఒక మందు పడనివాళ్లకి దాని చుట్టం మందు కూడా పడకపోవడం ఎక్కువగా అణువు పక్కన ఉండే గొలుసు ఒకేలా ఉంటేనే, సెఫజోలిన్ కి ఉన్న గొలుసు ఏ పెన్సిలిన్ కీ ఉండదు, కాబట్టి నిజంగా పెన్సిలిన్ పడని వాళ్లలో కూడా చాలామందికి ఇది ఇవ్వొచ్చు. వెంటనే ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం లాంటివి జరిగినవాళ్లకీ, చర్మం పొరలు పొరలుగా ఊడిపోయేంత తీవ్రమైన రియాక్షన్ వచ్చినవాళ్లకీ లెక్క వేరే, వాళ్ల విషయం అలర్జీ డాక్టరే తేల్చాలి, ఇంట్లో కూర్చుని ఎవరూ నిర్ణయించుకోకూడదు. అమ్మ రిస్క్ తక్కువ అని వాళ్ల డాక్టర్ చూసి, హాస్పిటల్లోనే కూర్చోబెట్టి పెన్సిలిన్ రకం మందే అయిన అమాక్సిసిలిన్ ఇచ్చి గమనించారు, ఏమీ కాలేదు, ఆ లైన్ ఫైల్లోంచి కొట్టేశారు. ఇన్నేళ్ల తర్వాత ఒకరు అడిగి తేల్చారు. ఒక్క ఈ పనికే ఒక స్టార్ ఇచ్చేయొచ్చు.

అదే క్లినిక్ లో మిగతావి కూడా చూశారు. షుగర్ ఎలా ఉంది, మూడు నెలల సగటు ఎంత, పళ్లల్లో ఏమైనా చీము ఉందా, కాళ్ల మీద పుండ్లు, వేళ్ల మధ్య ఒరుపులు ఉన్నాయా, పొగ తాగుతారా. ఇటీవల మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నారా అని రెండుసార్లు అడిగారు, ఎందుకంటే ఆ ఇంజెక్షన్ వేసిన మూడు నెలల లోపు మార్పిడి చేస్తే ఇన్ఫెక్షన్ రిస్క్ పెరుగుతుంది. నొప్పి తట్టుకోలేక ఇంజెక్షన్ వేయించుకుని తర్వాత నెలలోనే ఆపరేషన్ కి డేట్ అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, దయచేసి ఈ విషయం దాచకండి. ముక్కులో దూది పుల్ల పెట్టి శాంపిల్ తీశారు, స్టాఫిలోకాకస్ ఆరియస్ ఉందేమోనని. పెద్దవాళ్లలో దాదాపు పావు వంతు మందికి పైగా ముక్కులో ఇది ఊరికే ఉంటుంది, ఏ ఇబ్బందీ ఉండదు, కానీ ఆపరేషన్ అప్పుడు కోతలోకి వెళ్లేది చాలాసార్లు మన ఒంటి మీద ఉన్నదే. ఉందని తేలితే ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్మెంట్ రోజుకి రెండుసార్లు చొప్పున 5 రోజులు ముక్కులో రాసుకుని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రవంతో స్నానం చేయమంటారు. 2010లో నెదర్లాండ్స్ లో జరిగిన ఒక పెద్ద ట్రయల్ లో ఇలా చేసినవాళ్లలో హాస్పిటల్లో వచ్చే స్టాఫ్ ఆరియస్ ఇన్ఫెక్షన్ 7.7 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గింది. యాంటీబయాటిక్ అంటే సూదిమందు ఒక్కటే కాదు, ఈ ఆయింట్మెంట్ కూడా అందులో భాగమే.

ఇక్కడ ఒక ఫిర్యాదు. మూత్రంలో మంట లేదు, జ్వరం లేదు, అయినా యూరిన్ కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందా అని చూసే పరీక్ష) రాశారు. లక్షణాలు లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా కనిపించడం పెద్దవయసు ఆడవాళ్లలో మామూలే, దానికి ఆపరేషన్ ముందు యాంటీబయాటిక్ కోర్స్ ఇస్తే కీలుకి ఒరిగేదేమీ లేదని గైడ్‌లైన్స్ చెప్తూనే ఉన్నాయి. అమ్మ రిపోర్ట్ లో ఏమీ రాలేదు కాబట్టి సరిపోయింది, వచ్చి ఉంటే అనవసరంగా ఒక కోర్స్ మింగించి డేట్ వాయిదా వేసేవాళ్లేమో.

ఇప్పుడు అసలు సంగతి, సూదిమందు టైమ్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే మనలో చాలామందికి యాంటీబయాటిక్ అంటే ఆపరేషన్ తర్వాత వాడేది అనే అభిప్రాయం పాతుకుపోయింది. ఇందులో మాత్రం సగం పైగా పని కోత పడకముందే అయిపోవాలి. కోత పెట్టే క్షణానికి రక్తంలో, కండలో, ఎముకలో మందు నిండి ఉండాలి, బ్యాక్టీరియా వచ్చి వాలేసరికి మందు అక్కడ ఎదురుగా ఉండాలి. 1961లో బర్క్ అనే సర్జన్ గినీ పిగ్స్ మీద ప్రయోగాలు చేసి చూపించింది ఇదే, బ్యాక్టీరియా పడకముందు ఇచ్చిన మందు బాగా పనిచేసింది, పడ్డాక ఎంత ఆలస్యమైతే అంత పనికిరాకుండా పోయింది, మూడు గంటలు దాటాక ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. తర్వాత 1992లో అమెరికాలో క్లాసెన్ అనే పరిశోధకుడి బృందం 2,847 మంది పేషెంట్లని లెక్క కట్టింది, రకరకాల ఆపరేషన్లవి. కోతకి ముందు రెండు గంటల లోపు మందు ఇచ్చినవాళ్లలో గాయం ఇన్ఫెక్షన్ 0.6 శాతం, అంతకంటే బాగా ముందే ఇచ్చేసిన వాళ్లలో 3.8 శాతం, కోత పెట్టి మూడు గంటలు దాటాక ఇచ్చిన వాళ్లలో 3.3 శాతం. మందు ఇచ్చిన టైమ్ ని బట్టి అంత తేడా. తొందరపడి వార్డులోనే పొద్దున్నే వేసేసినా తప్పే, ఓటీలో (ఆపరేషన్ థియేటర్ లో) హడావిడిలో మర్చిపోయి తర్వాత వేసినా తప్పే. కీళ్ల మార్పిడిలో మందు పనిచేస్తుందా లేదా అనే సందేహం కూడా 1981లోనే తీరిపోయింది, ఫ్రాన్స్ లో 2,137 తుంటి మార్పిడుల మీద సెఫజోలిన్ ని ఉత్తుత్తి మందుతో పోల్చి చూస్తే ఇన్ఫెక్షన్ 3.3 శాతం నుంచి 0.9 శాతానికి పడింది.

ఇప్పుడు చెప్పే లెక్క ఏంటంటే సెఫజోలిన్ అయితే కోతకి ముందు 60 నిమిషాల లోపు ఇవ్వాలి. పెద్దవాళ్లకి మామూలుగా 2 గ్రాములు, బరువు 120 కేజీలు అంతకుమించి ఉంటే 3 గ్రాములు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటినా, రక్తం లీటరున్నర పైగా పోయినా మళ్లీ ఒక డోస్. మోకాలికైతే ఇంకో మెలిక ఉంది, తొడకి టోర్నికే పట్టీ బిగించి గాలి ఎక్కిస్తారు కదా, ఒకసారి అది బిగిస్తే కాలికి రక్తం పోదు, రక్తం పోకపోతే మందూ పోదు. కాబట్టి మందు మొత్తం లోపలికి వెళ్లాకే పట్టీ బిగించాలి.

వీళ్లు ఇది ఎలా చేశారు అంటే, చాలా బాగా చేశారు. ముందురోజు మత్తు డాక్టర్ గారు చూడటానికి వచ్చినప్పుడు అడిగా, సెఫజోలిన్ ఎక్కడ వేస్తారు సార్, వార్డులోనా ఓటీలోనా అని. ఆయన విసుక్కోలేదు, "వార్డులో వేయమమ్మా, లిస్ట్ లేటైతే టైమ్ తప్పిపోతుంది, నేనే ఓటీలో మత్తు ఇచ్చే ముందు వేస్తా, పట్టీ బిగించే ముందు అందరం ఆగి యాంటీబయాటిక్ అయిందా అని గట్టిగా అడుగుతాం" అన్నారు. తర్వాత కేస్ షీట్ కాపీ అడిగి తీసుకుని చూశా, మందు ఇచ్చిన టైమ్, టోర్నికే బిగించిన టైమ్, కోత టైమ్ మూడూ విడివిడిగా రాసి ఉన్నాయి, వరస సరిగ్గా ఉంది. బరువు కూడా పాత ఫైల్లోంచి ఎక్కించకుండా ఆ రోజు పొద్దున తూచిందే రాశారు. ఈ మూడు టైములు రాసే అలవాటున్న చోటు మీద నాకు నమ్మకం కుదురుతుంది, ఎందుకంటే రాస్తున్నారంటే ఎవరో ఒకరు లెక్క చూస్తున్నారని అర్థం.

పక్క బెడ్ పేషెంట్ వాళ్ల అబ్బాయి ఒకటి అడిగాడు, అక్కా ఇంత పెద్ద ఆపరేషన్ కి ఆ పాత మందేనా, వాంకోమైసిన్ లాంటి పవర్‌ఫుల్ ది కూడా కలిపి ఇస్తే ఇంకా సేఫ్ కదా అని. ఇది చాలామందికి వచ్చే అనుమానమే. ఆస్ట్రేలియాలో సరిగ్గా ఇదే ప్రశ్న పెట్టుకుని నాలుగు వేల మందికి పైగా పేషెంట్ల మీద ట్రయల్ చేశారు, 2023లో ఫలితాలు వచ్చాయి. సెఫజోలిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో ఆపరేషన్ చోట ఇన్ఫెక్షన్ 3.5 శాతం, వాంకోమైసిన్ కూడా కలిపిన వాళ్లలో 4.5 శాతం. అంటే కలపడం వల్ల లాభం కనపడలేదు. ముక్కులో మందులకి లొంగని ఎంఆర్ఎస్ఏ రకం స్టాఫ్ ఉన్నవాళ్లకి, సెఫజోలిన్ నిజంగా పడనివాళ్లకి వాంకోమైసిన్ అవసరమే, కానీ అది నెమ్మదిగా గంటకి పైగా ఎక్కించాలి, కాబట్టి కోతకి రెండు గంటల ముందు నుంచే మొదలుపెట్టాలి, గబగబా ఎక్కిస్తే ఒళ్లంతా ఎర్రబడి దురద, బీపీ తగ్గడం. పవర్‌ఫుల్ అనే పేరు చూసి ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేది కాదు.

సిమెంట్ గురించి కొంచెం. అమ్మకి ఇంప్లాంట్ ని ఎముకకి పట్టించడానికి వాడిన సిమెంట్ లో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపి ఉంది. ఈ ఆలోచన 1970లో జర్మనీలో బుకోల్జ్, ఎంగెల్‌బ్రెక్ట్ అనే ఇద్దరు సర్జన్లది. సిమెంట్ గట్టిపడేటప్పుడు బాగా వేడి పుడుతుంది కాబట్టి ఆ వేడికి పాడవని మందే కలపాలి, నీళ్లలో కరిగేదై ఉండాలి, అందుకే జెంటామైసిన్, టోబ్రామైసిన్ ఎక్కువ వాడతారు. ముందుజాగ్రత్తగా కలిపేది కొంచెమే, 40 గ్రాముల పొడికి ఒక గ్రాము లోపు, ఎక్కువ కలిపితే సిమెంట్ బలం తగ్గిపోతుంది. ఇన్ఫెక్షన్ వచ్చాక తాత్కాలికంగా పెట్టే ముక్కలో మాత్రం చాలా ఎక్కువ కలుపుతారు, అది వేరే లెక్క. మొదటిసారి చేసే మోకాలికి ఇది ఎంత లాభం అనే దాని మీద డాక్టర్లలో ఇంకా ఏకాభిప్రాయం లేదు, కొన్ని దేశాల్లో దాదాపు అందరికీ వాడతారు, కొన్ని చోట్ల రిస్క్ ఉన్నవాళ్లకే. కాబట్టి దీనికి నేను మార్కులు వేయను, తీయను. సూదిమందు టైమ్ తప్పి సిమెంట్ లో మందు ఉంది కదా అనుకుంటే మాత్రం ఒప్పుకోను.

మందు ఒక్కటే అన్నీ చేసేయదు అని కూడా చెప్పాలి. తుంటి మార్పిడిని ఇప్పుడున్న రూపానికి తెచ్చిన జాన్ చార్న్‌లీ 1960ల్లో ఇంగ్లాండ్ లోని రైటింగ్‌టన్ హాస్పిటల్లో మొదలుపెట్టినప్పుడు ఇన్ఫెక్షన్ సుమారు 7 శాతం ఉండేది, ఆయన ఓటీలో గాలి శుభ్రం చేసే పద్ధతి, డ్రెస్సులు, చేతి తొడుగులు ఇవన్నీ మార్చుకుంటూ పోయి దాన్ని 1 శాతం లోపుకి దించారు. ఇక్కడ ఓటీ లోపలికి మనల్ని రానివ్వరు కాబట్టి అది నేను చూడలేదు. వార్డులో చూసింది చెప్తా. ముందురోజు సాయంత్రం ఒకతను రేజర్ పట్టుకుని కాలి మీద వెంట్రుకలు గీయడానికి వచ్చాడు. గీస్తే చర్మం మీద కంటికి కనపడని గాట్లు పడి బ్యాక్టీరియా చేరుతుంది, అందుకే అవసరమైతే క్లిప్పర్ తోనే తీయాలి, లేకపోతే వదిలేయాలి. నేను ఆపి హెడ్ సిస్టర్ ని పిలిస్తే ఆవిడ అతన్ని వెనక్కి పంపి క్లిప్పర్ తెప్పించింది. తెలిసినవాళ్లు లేని బెడ్ దగ్గర ఏం జరుగుతుందో అని నాకు నిజంగా బాధేసింది, ఇది తప్పకుండా సరిచేసుకోవాలి.

ఇంక నేను స్టార్ తీసేసింది ఎక్కడంటే డిశ్చార్జ్ దగ్గర. ఆపరేషన్ అయ్యాక వార్డులో సెఫజోలిన్ ఇంకొన్ని డోసులు వేసి 24 గంటల లోపు ఆపేశారు, అది బాగానే ఉంది. నిజానికి డబ్ల్యూహెచ్ఓ 2016లో, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017లో కోత మూసేశాక ఇంకో డోస్ కూడా అక్కర్లేదనే చెప్పాయి, చాలామంది ఎముకల డాక్టర్లు మాత్రం 24 గంటల వరకు ఇస్తారు, అంతవరకు నాకు గొడవ లేదు. కానీ డిశ్చార్జ్ సమ్మరీలో చూస్తే వారం రోజులకి సరిపడా యాంటీబయాటిక్ టాబ్లెట్లు, రోజుకి రెండు. ఇది ఎందుకండీ అని డ్యూటీ డాక్టర్ ని అడిగితే సేఫ్టీ కోసం అన్నాడు. దేని సేఫ్టీ కోసం అని మళ్లీ అడిగితే అందరికీ రాస్తాం మేడమ్ అన్నాడు. ఇన్ఫెక్షన్ లేదు, కారణం లేదు, అందరికీ రాస్తారు.

ఇది చిన్న విషయం కాదు. గాయం మూసుకున్నాక బయటి నుంచి లోపలికి బ్యాక్టీరియా వెళ్లే దారి చాలావరకు మూసుకుపోతుంది, ఆ తర్వాత మింగే మందు లోహాన్ని కాపాడదు, పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాని చంపుతుంది, మందులకి లొంగని రకాలని మిగులుస్తుంది. పెద్దవయసు వాళ్లలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెరిగి విపరీతమైన విరేచనాలు పట్టుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. కొన్ని మందులు కిడ్నీ మీద పడతాయి. పైగా రేపు నిజంగా అదే అమ్మకి ఇన్ఫెక్షన్ వస్తే అప్పుడు పనిచేయాల్సిన మందుని ఇవాళ ఊరికే ఖర్చు పెట్టేసినట్టు. నేను గట్టిగా పట్టుబడితే సర్జన్ గారికి ఫోన్ చేశారు, ఆయన సమ్మరీ తెప్పించుకుని ఆ లైన్ కొట్టేసి సంతకం పెట్టి, ఈ ప్రింట్ పాత ఫార్మాట్ అమ్మా, మార్పించాలి అన్నారు. మార్చారో లేదో తెలీదు. ఓటీలో ఇంత క్రమశిక్షణ ఉన్న చోట, చివర్లో ఒక పాత ఫార్మాట్ వల్ల ఇంటికెళ్లే ప్రతి పేషెంట్ చేతిలో అక్కర్లేని మందు పెడుతున్నారంటే మనసుకి కష్టంగా ఉంటుంది. ఒక మాట, ఇది చదివి ఎవరూ మీ డాక్టర్ రాసిన మందు మీరే ఆపేయకండి, కొందరికి రిస్క్ ఎక్కువుండి కావాలనే పొడిగిస్తారు, రెండోసారి మార్పిడి చేసినవాళ్లకి కల్చర్ రిపోర్ట్ వచ్చేదాకా కొనసాగిస్తారు. కారణం అడగండి, చెప్పగలిగితే వాడండి, అంతే.

ఇంటికొచ్చాక జరిగిన ఒక విషయం మీద మళ్లీ వీళ్లకి నా పూర్తి మార్కులు. కొన్నాళ్లకి డ్రెస్సింగ్ కింది భాగం తడిగా అనిపించింది, చీము కాదు, పల్చగా ఎర్రటి నీరు. జ్వరం లేదు. తెలిసిన డాక్టర్ ఒకాయన ఫోన్ లో ఒక యాంటీబయాటిక్ మొదలుపెట్టేయండి, తగ్గిపోతుంది అన్నారు. నేను ముందు హాస్పిటల్ కి ఫోన్ చేశా. ఆ క్లినిక్ సిస్టర్ వెంటనే అన్నది, "మేడమ్ ఏ టాబ్లెట్టూ వేయొద్దు, ముందు చూపించండి". కీలు మార్పిడి అయినవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలా మేలు. లోపల నిజంగా ఇన్ఫెక్షన్ మొదలైతే అది ఏ బ్యాక్టీరియానో తెలుసుకోవడానికి కీలులోంచి సూదితో నీరు తీసి కల్చర్ కి పంపాలి, ముందే నాలుగు టాబ్లెట్లు మింగేస్తే ఆ కల్చర్ లో ఏమీ పెరగకపోవచ్చు, పైకి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల బయోఫిల్మ్ మాత్రం నిదానంగా కట్టుకుంటూ ఉంటుంది. మొదటి కొన్ని వారాల్లోనే పట్టుకుంటే ఇంప్లాంట్ ఉంచి లోపల కడిగి ప్లాస్టిక్ ముక్క మార్చి కాపాడే అవకాశం ఉంటుంది, టాబ్లెట్లతో కాలం గడిపేస్తే ఆ అవకాశం పోతుంది. తీసుకెళ్లాం, సర్జన్ గారే చూశారు, రక్తం పలచబడే మందు వల్ల కారుతోంది, కోత చుట్టూ ఎరుపు లేదు అని రక్త పరీక్ష చేయించి, ఒత్తిడి పట్టీ వేసి, వ్యాయామం కొంచెం తగ్గించి, వారం దాటినా కారితే మళ్లీ ఓటీలో తెరిచి చూడాల్సిందే అని ముందే చెప్పారు. ఆగిపోయింది. ఒక్క యాంటీబయాటిక్ కూడా రాయలేదు. భయపడి ఏదో ఒకటి రాసి పంపేయకుండా ఇలా చూసి నిర్ణయించే డాక్టర్ దొరకడం మా అదృష్టం అనే చెప్తా.

ఇంకో లోటు, రాత్రి పూట ఆ యూనిట్ కి నేరుగా ఫోన్ కలవదు. మామూలు ఎమర్జెన్సీ నంబర్ కి పోతుంది, అక్కడున్నవాళ్లకి ఈ పద్ధతి తెలీదు, మా పక్క బెడ్ వాళ్లకి రాత్రి జ్వరమొస్తే అక్కడే టాబ్లెట్లు మొదలుపెట్టమన్నారంట. పగలు ఒక మాట, రాత్రి ఒక మాట ఉంటే పేషెంట్ ఏది వినాలి? డిశ్చార్జ్ కాగితం మీద పెద్దగా, కోత కారినా ఎరుపెక్కినా మమ్మల్ని అడగకుండా యాంటీబయాటిక్ వేసుకోవద్దు అని ఒక లైన్ ప్రింట్ చేస్తే చాలు, ఈ మాట సర్జన్ గారికి కూడా చెప్పా, రాసుకున్నారు.

చివరి విజిట్ లో పళ్ల గురించి అడిగా, ఎందుకంటే పన్ను పీకించుకునే ప్రతిసారీ జీవితాంతం యాంటీబయాటిక్ వేసుకోవాలని చాలామంది అంటుంటారు. 2015లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ గైడ్‌లైన్ చెప్పింది ఏంటంటే కీలు మార్పిడి అయినవాళ్లకి మామూలుగా అది అక్కర్లేదు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ల లాంటి కొందరి విషయంలో డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని నిర్ణయిస్తారు. సర్జన్ గారు కూడా అదే చెప్పి, పళ్లు శుభ్రంగా ఉంచుకోండి, ఒంట్లో ఎక్కడ చీము పట్టినా త్వరగా చూపించుకోండి, ఎన్నేళ్లకైనా సరే బాగున్న మోకాలు ఉన్నట్టుండి వాచి నొప్పి, జ్వరం వస్తే అదే రోజు రండి అన్నారు, రక్తం ద్వారా బ్యాక్టీరియా వచ్చి పాత ఇంప్లాంట్ మీద కూడా వాలొచ్చు కాబట్టి.

అమ్మ రెండో మోకాలు కూడా చేయించాల్సి ఉంది. ఇక్కడికే వెళ్తాం. రేజర్ మాట, డిశ్చార్జ్ టాబ్లెట్ల మాట అడ్మిషన్ రోజే ఎత్తుతా, ఆ ఫార్మాట్ మారిందని కళ్లారా చూస్తే ఐదో స్టార్ కూడా ఇచ్చి ఈ రివ్యూ మార్చి రాస్తా.